సర్పంచిని నేనే, నన్నే అడగండి

రాజకీయాల్లోకి కొత్తగా వచ్చే ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను. మా ఊరికి సర్పంచిగా, తరవాత మండలాధ్యక్షురాలిగా, ఆఖర్న జడ్పీటీసీ సభ్యురాలిగా పనిచేసి, మోకాళ్లు మొరాయించాక మానేశాను. ఏ పదవి ఎప్పుడు వచ్చింది, ఎంత మెజారిటీతో వచ్చింది అన్నవి ఇక్కడ రాయను. వాటివల్ల మీకు ఒరిగేదేం లేదు. ఆ పని లోపల ఎలా ఉంటుందో రాస్తాను. అది కూడా ఎక్కువగా ఒక్క దారి గురించే. నాకు వచ్చిన విద్యలో ముప్పాతిక వంతు ఆ దారి దగ్గరే వచ్చింది.

మా ఊరు రామచంద్రపురానికి దగ్గర. పేరు రాయను. ఇందులో వచ్చేవాళ్లు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు. పోయినవాళ్ల పిల్లలున్నారు. అందుకని మిగతావాళ్ల పేర్లు మార్చాను. నా పేరు మంగతాయారు, మా ఆయన పేరు వీర్రాజు. ఈ రెండూ నిజమే.

కుర్చీ

మా ఊరి సీటు ఆడవాళ్లకి రిజర్వు అయిన ఏడాది మా పార్టీ పెద్ద సూర్యారావు గారు మా ఇంటికొచ్చారు. ఆయన మాజీ ఎమ్మెల్యే. చుట్టుపక్కల అందరూ పెద్దాయన అంటారు. ఆ ప్రాంతంలో ఎవరు నిలబడాలో ఎవరు కూర్చోవాలో ఆయనే చెప్పేవారు.

"వీర్రాజూ, సీటు ఆడవాళ్లకి పోయింది. మీ ఆవిడ చేత నామినేషను వేయించు. పని నువ్వు చూసుకుందువుగాని" అన్నారు మా ఆయనతో. నేను అదే హాల్లో, ఆయనకి ఎదురుగానే ఉన్నాను. నావైపు చూసి నవ్వారు గాని, నన్ను అడగలేదు. అడగాలన్న ఆలోచన నాకూ రాలేదు, మా ఆయనకీ రాలేదు.

గెలిచాం. దండ ముందు మా ఆయన మెడలో వేశారు. ఎవరో గుర్తుచేస్తే తీసి నా మెడలో వేశారు. అక్కణ్ణుంచి పంచాయతీ ఆఫీసులో కుర్చీ ఆయనది, సంతకం నాది. కార్యదర్శి కాగితాలు ఇంటికి తెచ్చి, ఎక్కడ పెట్టాలో వేలుతో చూపించేవాడు. నేను పొయ్యి మీద కూర మాడిపోకుండా ఒక కన్ను అటేసి సంతకాలు పెట్టేదాన్ని.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఆ రోజుల్లో మా మండలంలో ఆడ సర్పంచులందరి ఇళ్లలోనూ అదే పద్ధతి. ఇప్పటికీ చాలాచోట్ల అదే పద్ధతని మీకు తెలుసు.

అది మారింది అక్టోబరు గ్రామసభలో. స్కూలు ఆవరణలో షామియానా వేశారు. ముందు వరస కుర్చీల్లో రైతులు, వెనక నిలబడి మిగతా ఊరు. వేదిక మీద మధ్య కుర్చీలో మా ఆయన, చివర్న నేను. మాట్లాడాల్సినవాళ్లంతా మాట్లాడాక, వెనకనుంచి ఒకావిడ చెయ్యెత్తింది. ఊరి చివర దళితుల పేటలో ఉండే మరియమ్మ. ఊడుపులకీ కోతలకీ ఆడవాళ్ల ముఠాని తీసుకొచ్చేది ఆమే. డ్వాక్రా గ్రూపుకి లీడరు కూడాను.

"ఒక మాట అడగాలండి. సర్పంచి గారు అమ్మగారా, అయ్యగారా? ఎవర్ని అడగాలో చెప్తే వాళ్లనే అడుగుతాం" అంది.

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, "ఎవరైతే ఏంటి మరియమ్మా, అడుగు" అన్నారు.

"అలాక్కాదండి. ఓటు అమ్మగారికి వేశాం."

మళ్లీ నవ్వారు, ఈసారి కొంచెం తక్కువగా. నేను లేచి నిలబడ్డాను. ముందుగా అనుకున్నది కాదు. "సర్పంచిని నేనే. నన్నే అడగండి" అన్నాను.

ముందు వరసలో కొన్ని తలలు చటుక్కున నావైపు తిరిగాయి. సర్పంచిని నేనే అన్నందుకు కాదని తరవాత తెలిసింది. పేట మనిషిని "అడగండి" అన్నందుకు. మా వీధిలో పుట్టినవాళ్లు ఎంత చిన్నపిల్లలైనా, పేటలో ముసలివాళ్లని కూడా నువ్వనే అంటారు. నేనూ అంతవరకు అలాగే అన్నాను. ఆ రోజు కంగారులో నోటికి అండి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

మరియమ్మ చెప్పింది. శ్రావణమాసంలో ఆమె భర్త పోయాడు. పేటవాళ్లు క్రైస్తవులు. వాళ్ల సమాధుల దొడ్డి పొలాల అవతల, మురుగుకాలవ పక్కనుంది. అక్కడికి దారి లేదు. అడుగు పట్టీ పట్టకుండా ఉండే చేనుగట్టు మీద నలుగురు పెట్టె మోసుకెళ్లాలి. వానలో ఒకడికి కాలు జారింది.

"మా ఆయన పెట్టె చేలో పడిపోయిందండి. మూత ఊడిపోయింది. బతికినన్నాళ్లూ ఆ బురదలోనే దమ్ము చేశాడు. పోయాక కూడా ఆ బురదలోకేనా అండి?"

ఎవరూ నవ్వలేదు. "దారి వేయిస్తాను" అన్నాను.

మా ఇంటి గుమ్మం దాటాక మా ఆయన అన్నారు: "అది అన్నయ్య పొలం. తెలిసే అన్నావా?"

"తెలిసే అన్నాను."

నిజానికి ఆ క్షణంలో నాకది గుర్తులేదు. గుర్తుంటే లేచేదాన్ని కానేమో. కాని ఒకసారి అన్నాక, తెలిసే అన్నానని చెప్పడమే మేలు. రాజకీయాల్లో నాకు మొదట అర్థమైంది అదే.

మర్నాడు ఆయనకంటే ముందు వెళ్లి ఆఫీసులో ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆయన వచ్చి గుమ్మంలో ఆగారు. చూశారు. గోడవారగా వచ్చినవాళ్ల కోసం వేసిన బెంచీ మీద కాసేపు కూర్చుని, పేపరు చదివి, వెళ్లిపోయారు. చాలా రోజులు ఇంట్లో కూడా ముక్తసరిగానే ఉన్నారు. మీకు చెప్పేదేంటంటే, ఎవరో లేచి మీకు కుర్చీ ఇస్తారని చూడకండి. పొద్దున్నే బయల్దేరండి.

అందరికీ తెలిసిన విషయం

పేట నుంచి సమాధుల దొడ్డిదాకా ఒకప్పుడు పుంత ఉండేది. పుంత అంటే మా వైపు, పొలాల మధ్య బళ్లు పోవడానికి వదిలిన ఊరి దారి. ఏటా గట్లు సరిచేసుకునేటప్పుడు అటు రైతు ఒక పార, ఇటు రైతు ఒక పార లాక్కుంటూ వచ్చారు. చివరికి పుంత గట్టయింది, గట్టు గీతయింది. అందులో ఎక్కువ భాగం కలిసింది మా బావగారు నరసింహం గారి చేలోనే.

ఇందులో రహస్యం ఏమీ లేదు. ఊళ్లో నలభై దాటిన ప్రతివాళ్లకీ తెలుసు. నేను పెద్దవాళ్ల ఇళ్లకి వెళ్లి విడివిడిగా అడిగితే, "ఆ, ఉండేదమ్మా, మా చిన్నప్పుడు ఆ పుంతలోనే బళ్లు తోలేవాళ్లం" అని అందరూ చెప్పారు. "సభలో చెప్తారా?" అంటే ఒక్కళ్లూ రాలేదు. ఒకాయన మాత్రం సూటిగా అన్నాడు: "చెప్పడానికేం, చెప్తాను. రేపు నా చేనుకి నీళ్లు ఆయన చేలోంచే రావాలి. నువ్వు తెచ్చిపెడతావా?"

ఈ పనిలోకి వచ్చే పిల్లలు నిజం కనిపెట్టడమే కష్టమనుకుంటారు. నిజం సాధారణంగా వీధిలోనే పడుంటుంది. దాన్ని పదిమందిలో అనే మనిషి కావాలి. ఆ మనిషికి రేపు నీళ్లు రావాలి.

తహసీల్దారు గారిని అడిగి సర్వేయరుని పిలిపించాను. కొలిచారు, రాళ్లు పాతారు. వారం తిరక్కుండా రాళ్లు లేవు. మళ్లీ పాతించాను. మళ్లీ లేవు. ఎవరు పీకారో ఎవరూ చూడలేదు. పేట కుర్రాళ్లు కోపంతో పోలీసు స్టేషనుకి వెళ్దామన్నారు. చేలో పంట ఉంది, కోతలయ్యాక గట్టు తెంపి దారి వేద్దాం, అప్పటిదాకా ఓపిక పట్టండి అని నేనే ఆపాను. మరియమ్మ ఒప్పుకుంది గాని, మనస్ఫూర్తిగా కాదు.

పెద్దాయన కబురు పెట్టారు. వెళ్లాను. పడక్కుర్చీలో కూర్చుని వక్కపొడి వేసుకుంటూ, "అమ్మాయ్, నువ్వడిగేది న్యాయమే. ఎవడు కాదన్నాడు? కాకపోతే దేనికైనా ఒక సమయం ఉంటుంది. ఎలక్షన్లయ్యాక చూద్దాం" అన్నారు.

"ఏ ఎలక్షన్లండీ?"

ఆయనకి నవ్వొచ్చింది. "అదీ నిజమేలే. ఎప్పుడూ ఏవో ఒకటి ఉంటూనే ఉంటాయి" అన్నారు. అవునని అనలేదు, కాదని అనలేదు. నలభై ఏళ్ల రాజకీయంలో ఆయన ఎవరికీ కాదని చెప్పలేదని గొప్పగా చెప్పుకునేవారు. ఆయన "చూద్దాం"ని నమ్ముకుని ఏళ్ల తరబడి ఆయన అరుగు మీద కూర్చున్నవాళ్లని నేను చూశాను. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లకి, కానిదాన్ని కాదనే చెప్పాలని ఆ రోజు తిరిగొచ్చే బస్సులో అనుకున్నాను. దానివల్ల కొన్ని ఓట్లు పోయాయి. నా ఇంటి ముందు మాత్రం జనం అనవసరంగా పడిగాపులు కాయలేదు.

బావగారు

మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడి మాట్లాడదు. నేను కాపరానికి వచ్చిన దగ్గర్నుంచి నరసింహం బావగారు హాల్లో ఉంటే నేను వంటింటి గుమ్మం దాటేదాన్ని కాదు. ఏదైనా చెప్పాలంటే తోటికోడలు అనసూయ అక్కయ్యతో చెప్పేదాన్ని. అలాగని ఆయన కఠినుడేం కాదు. నా తొలి కాన్పు కష్టమైతే, వానలో కారు తెప్పించి రాజమండ్రి ఆస్పత్రికి పంపింది ఆయనే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీరు ఎదిరించాల్సిన మనుషులు చాలాసార్లు మీకు మంచి చేసినవాళ్లే అయి ఉంటారు. చెడ్డవాళ్లతో పోట్లాడటం దీంతో పోలిస్తే తేలిక.

ఆ కార్తీకంలో ఆయన పెద్దమ్మాయి పెళ్లి. ఆ పిల్లని నేను ఎత్తుకుని పెంచాను. శుభలేఖ మా ఇంటికి రాలేదు. నాలుగిళ్ల అవతల బాజాలు మోగుతుంటే వంటింట్లో కూర్చుని విన్నాను. మా ఆయన తెల్ల పంచె కట్టుకుని ఒక్కరే వెళ్లి, అక్షింతలు వేసి, భోంచెయ్యకుండా తిరిగొచ్చారు. నాకోసం తినలేదా, ఆకలి లేక తినలేదా అని నేను అడగలేదు. చారు కాచి అన్నం పెడితే ఇద్దరం కూర్చుని తిన్నాం.

చేలో

పంట పండి కోతకి సిద్ధంగా ఉన్నప్పుడు తుఫాను పట్టింది. వాన కాస్త తగ్గేసరికి చేలన్నీ పడుకుని నీళ్లలో ఉన్నాయి. ఆ పొద్దున మరియమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. ఏడవలేదు.

"మీరు కోతలయ్యాక అన్నారండి. ఏసేబు ఆగలేదు" అంది.

ఏసేబు పేటలో పెద్దవాడు. నేను ఉన్న చీరతోనే బయల్దేరాను. పెట్టె అప్పటికే గట్టు మొదట్లో దించి ఉంది. గట్టు నీళ్లలో కనపడటంలేదు. దాని మీద కొంచెం ముందుకి గొడుగేసుకుని బావగారు నిలబడ్డారు. పక్కన ఇద్దరు మనుషులు. పడిపోయిన చేను జనం తొక్కితే ఒక్క గింజ కూడా మిగలదని ఆయన భయం. అందులో అబద్ధం లేదు.

ఆయన నావైపు చూడకుండా, పక్క మనిషితో అన్నారు: "ఆవిడతో చెప్పు. గట్టు మీదనుంచి వెళ్తే వెళ్లమను. చేలో కాలు పెడితే ఊరుకోను."

గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నిలబడలేరు. పెట్టె మొయ్యడం మాట అలా ఉంచండి.

నేను నీళ్లలో దిగి ఆయన ముందుకి వెళ్లాను. "బావగారూ" అన్నాను. ఆయనతో నేను నేరుగా అన్న మొట్టమొదటి మాట అది. "ఇప్పుడు తప్పుకోండి. రేపు నామీద ఏం చెయ్యాలనుంటే అది చెయ్యండి. ఏసేబుని తీసుకెళ్లాలి."

ఆయన మొహం మారింది. "ఏసేబా?" అన్నారు. నన్ను కాదు, మరియమ్మని.

"ఔనండి. తెల్లవారుజామున."

ఏసేబు వయసులో ఉన్నంతకాలం బావగారి దగ్గరే పాలేరుగా చేశాడు. పోయింది ఎవరో ఆయనకి తెలియదు. పేటలో ఎవరో పోయారు, చేను తొక్కుతారు అన్న కబురు ఒక్కటే అందింది.

ఆయన గొడుగు ముడిచారు. గట్టు దిగి అవతలి చేలో, మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డారు. పక్కవాళ్లూ దిగారు. పెట్టె లేచింది. నేను ముందు నడిచాను. పడుకున్న చేను కాళ్లకి చుట్టుకుంటుంటే చేత్తో తప్పిస్తూ, మురుగుకాలవదాకా అందరం వెళ్లాం. సమాధి దగ్గర పాస్టరు గారు ప్రార్థన చేశారు. తిరిగొచ్చేసరికి బావగారు అక్కడ లేరు.

కల్పించి రాసే కథైతే ఇక్కడ ఆపేసి, ఆయన మనసు మారి దారి ఇచ్చేశారని రాయొచ్చు. అలా జరగలేదు. ఆయన తప్పుకున్నది ఏసేబు కోసం, దారి కోసం కాదు. కొన్నాళ్లకే కోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నారు. కోతలయ్యాయి, దాళ్వాకి రెండో పంట ఊడ్చారు, ఎండలొచ్చాయి. నేను లాయరు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. మరియమ్మ నన్ను ఏమీ అడగడం మానేసింది. అడిగినప్పటికంటే అదే కష్టంగా ఉండేది. ఒకరోజు సంతలో నేనే ఆపి, "నామీద కోపమా అండి?" అన్నాను. "కోపం ఏముందండి. మీరు గట్టిగానే పట్టుకున్నారు. ఆయన అంతకంటే గట్టిగా పట్టుకున్నారు" అంది.

దారి ఎలా పడిందంటే

పరిషత్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఈసారి పేట ఓట్లు మనకి పడవని పెద్దాయన చెవిన పడింది. ఒక సాయంత్రం మా బావగారిని ఇంటికి పిలిపించుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ నెలలోనే బావగారు కేసు వెనక్కి తీసుకున్నారు. ఆ తరవాత కొద్దికాలానికి మా ఊరి సహకార సొసైటీకి ప్రెసిడెంటయ్యారు.

నేను న్యాయం అనుకుంటూ ఏడాది తిరిగినదాన్ని ఒక పదవి ఒక్క సాయంత్రంలో తేల్చేసింది. నాకది నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. పెద్దాయన దగ్గరికెళ్లి, "ఇలా చేశారేంటండీ" అంటే, "నువ్వు ఏడాదిగా రాజెయ్యకపోతే నేను ఆర్పాల్సిన అవసరమే లేదు కదమ్మా" అన్నారు. ఆలోచిస్తే అందులోనూ నిజం ఉంది. నా పోరు లేకపోతే ఆయన కదలరు. ఆయన కదలకపోతే నా పోరు కోర్టులోనే ముసలిదైపోయేది. ఇది రాయాలా వద్దా అని చాలా తటపటాయించాను. చేతులకి మట్టంటకుండా పనులవుతాయని మీకు చెప్పి పంపితే, మొదటి ఏడాదే మీరు మానేసి ఇంటికెళ్లిపోతారు. అందుకే రాశాను.

దారి పడింది. ముందు మట్టి, తరవాత కంకర, ఆ తరవాత సిమెంటు. ప్రారంభోత్సవానికి శిలాఫలకం చెక్కించారు. పైన పెద్దక్షరాలతో పెద్దాయన పేరు, దాని కింద ఇంకో నలుగురివి, అడుగున "శ్రీమతి మంగతాయారు, భర్త వీర్రాజు". మా ఆయన అది చూసి, "నా పేరెందుకు వేశారు, నేనేం చేశాను?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. రాయి మీద ఎవరి పేరు ఎక్కడుందన్న గొడవలో నా తోటివాళ్లు ఎంత ఓపిక ఖర్చుపెట్టారో చూశాను. పేరు అడిగినవాళ్లకి పేరు ఇచ్చెయ్యండి. అంతకంటే చవగ్గా వాళ్లచేత పని చేయించలేరు.

కరపత్రం

నన్ను మండలాధ్యక్ష పదవికి ముందు పెడుతున్నారని తెలిశాక ఒక కరపత్రం వచ్చింది. దారి పని మీద నేను తహసీల్దారు ఆఫీసుకి ఎన్నిసార్లు వెళ్లానో, ఎంతసేపు ఉన్నానో, ఏ చీర కట్టుకున్నానో అందులో రాశారు. మిగతాది మీరు ఊహించుకోగలరు. తెల్లారేసరికి ప్రతి గుమ్మంలోనూ పడుంది.

నేను ఆ పూట గది తలుపు వేసుకుని కూర్చున్నాను. మా ఆయన చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయారు. ఎవరినైనా కొడతారేమో, లేకపోతే ఇంటికొచ్చి నన్ను మానెయ్యమంటారేమో అని ఒకటే దడ. ఆయన చేసింది నాకు తరవాత ఊరివాళ్లు చెప్పారు. సెంటర్లో టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చుని, ఆ కరపత్రం మొదటినుంచి చివరిదాకా తనే గట్టిగా చదివి వినిపించారట. చదవడం అయ్యాక మడిచి జేబులో పెట్టుకుని, "మా ఆవిడ గురించి వేసేటప్పుడు కనీసం ప్రూఫులు చూసుకోండ్రా. తహసీల్దారుకి దీర్ఘం తప్పించారు" అన్నారట. అచ్చువేయించినవాళ్లు కూడా అక్కడే టీ తాగుతున్నారు.

ఇంటికొచ్చి నాతో ఆ మాటే ఎత్తలేదు. "లేత బెండకాయలు దొరికాయి" అని సంచి చేతికిచ్చారు. బెంచీ మీద కూర్చుని పేపరు చదివి వెళ్లిపోయిన మనిషి, ఆ రోజు నుంచి నాకు తోడయ్యారు.

అందరికీ అలాంటి తోడు దొరకదు. పక్క మండలంలో నాతోపాటే సర్పంచయిన ఒకావిడ ఉండేది. ఎమ్మే చదివింది, లెక్కలూ చట్టాలూ నాకంటే ఎంతో బాగా తెలుసు. ఆమె మీద కూడా ఇలాంటిదే వచ్చింది. వాళ్లింట్లో మగవాళ్లు ఆమె ఫోను తీసేసుకున్నారు. రాజీనామా చేయించారు. ఇప్పుడు కొవ్వూరులో ఉంటోంది. ఎప్పుడైనా పెళ్లిళ్లలో కనిపిస్తే రాజకీయాల మాట తప్ప అన్నీ మాట్లాడుతుంది. మా జిల్లాకి ఆమె అందకుండా పోవడం పెద్ద నష్టమని నా అభిప్రాయం. దాన్ని ఎవరూ నష్టం కింద రాసుకోలేదు.

మాటలు పడకుండా ఉండే ఉపాయం నా దగ్గర లేదు. ఒక్కటి చెప్పగలను. ఆ మర్నాడే నేను మళ్లీ అదే ఆఫీసుకి, తోడు ఎవరూ లేకుండా వెళ్లాను. ఒక్కసారి వెళ్లడం మానేస్తే తరవాత గడప దాటడం ఇంకా కష్టమవుతుంది.

టికెట్టు

మండలాధ్యక్షురాలిగా నా పని బాగుందనే అన్నారు. ఆ మాటలు విని అసెంబ్లీ టికెట్టు నాకే వస్తుందని నేనూ అనుకున్నాను. పెద్దాయన కూడా పదిమందిలో ఒకటి రెండుసార్లు ఆ అర్థం వచ్చేలా అన్నారు. తీరా సమయం వచ్చాక టికెట్టు ఆయన అల్లుడికి వెళ్లింది. పేపర్లో చూసి తెలుసుకున్నాను.

ఏడవకుండా వెళ్లి అడిగాను. "నేను గెలవననుకున్నారా?"

ఆయన దాచలేదు. "గెలిచే అమ్మాయివే. మాట వినే అమ్మాయివి మాత్రం కాదు" అన్నారు.

ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది. ఇప్పుడైతే నాకొచ్చిన సర్టిఫికెట్లలో అదే పెద్దదనిపిస్తుంది. అయినా మీకు నిజం చెప్పాలి. ఎమ్మెల్యే కాలేకపోయానన్న బాధ నాకు పోలేదు. అసెంబ్లీలో లేచి మాట్లాడాలనుకున్న మాటలు కొన్ని అలాగే ఉండిపోయాయి. పదవి మీద ఆశ లేనట్టు నటించే ఆడవాళ్లని చూస్తే నాకు చిరాకు. మగవాళ్లు ఆశపడితే పట్టుదల అంటారు. మీరూ ఆశపడండి, పైకే చెప్పండి.

ఆయన దగ్గర నేర్చుకున్న మంచి కూడా చెప్పాలి. చావు ఇంటికి వెళ్తే పెద్దాయన ఏమీ మాట్లాడేవారు కాదు. నేల మీద కూర్చుని, కాఫీ టీలు ముట్టుకోకుండా, ఫోను తియ్యకుండా ఉండి, లేచేటప్పుడు ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ల తల నిమిరి వచ్చేసేవారు. ఇప్పటి నాయకులు ఫొటోగ్రాఫరుతో వెళ్తున్నారు. చూస్తుంటే ఒళ్లు మండుతుంది.

మా గోడ

జడ్పీటీసీ గడువు అయ్యాక నేను మళ్లీ నిలబడలేదు. తరవాత మా ఊరి సీటు ఎస్సీ మహిళలకి వచ్చింది. మరియమ్మ గారి కూతురు రత్నకుమారి గెలిచింది. నర్సింగు చదివి, కాకినాడలో కొన్నేళ్లు పనిచేసి ఊరికొచ్చిన పిల్ల. నేను తన తరఫున ఇల్లిల్లూ తిరిగాను.

ఆమె గెలిచిన మొదటి వానాకాలానికి ముందు మా ఇంటికి పంచాయతీ నోటీసు వచ్చింది. వీధి మురుగుకాలవ మీదకి మా ప్రహరీగోడ జరిగి ఉందని, తొలగించాలని. ఆ గోడ మా అత్తగారి హయాంలో కట్టింది. దానివల్ల నీళ్లు ఆగి, వానపడినప్పుడల్లా వీధి చివరి ఇళ్లలోకి వెళ్తున్నాయట. నేను సర్పంచిగా ఉన్నన్నాళ్లూ ఆ గోడ పక్కనుంచే రోజూ ఆఫీసుకి నడిచాను.

మా ఆయనకంటే నాకే ఎక్కువ కోపం వచ్చింది. ఫోను చేద్దామని తీశాను. ఈలోగా ఆ పిల్లే వచ్చింది. కూర్చోమంటే కూర్చుంది.

"నోటీసు పంపేముందు నాకొక మాట చెప్పకూడదా అమ్మా?" అన్నాను.

"చెప్తే మీరు సరేనంటారని తెలుసండి. అప్పుడు మీకు చెప్పి, మిగతా ఇళ్లకి నోటీసు పంపినట్టవుతుంది. వరసలో ఇంకో ఆరిళ్లున్నాయండి" అంది.

"వానాకాలం వెళ్లాక కొట్టిస్తే?" అన్నాను.

"వానాకాలం కోసమే కదండీ కొట్టించమంటుంది."

గొంతు పెంచలేదు. అండి తగ్గించలేదు. నేను వేరే ఏదైనా సాకు చెప్తానేమోనని ఓపిగ్గా చూస్తూ కూర్చుంది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంటున్నారు. ఆ పిల్ల వెళ్లేదాకా నాకు కోపంగానే ఉంది. వెళ్లాక చాలాసేపటికి సంతోషం వేసింది. ముందు కోపం, తరవాతే సంతోషం. అది తారుమారు చేసి చెప్పను.

ఆ వారంలోనే మేస్త్రీని పిలిపించి గోడ కొట్టించాం. మా రెండు గన్నేరు చెట్లూ వీధిలోకొచ్చాయి. మా గోడ పడ్డాక మిగతా ఆరిళ్లవాళ్లూ ఒక్కొక్కరే పలుగులు తీశారు. నైరుతి వానలు ఆ ఏడు గట్టిగా మొదలయ్యాయి. మొదటి వానకి నేనూ మా ఆయనా గొడుగేసుకుని వీధి చివరిదాకా వెళ్లి చూశాం. నీళ్లు ఎక్కడా ఆగకుండా కాలవలోకి పోతున్నాయి.